కొండ మీద మొదటి టీ

నరసరావుపేటలో మా ఇంటి ఎదురుగా మస్తాన్ మోటారు షెడ్డు. ఆ మోత భరించలేక మిగిలిన జీవితం కొండల్లో గడపాలని తీర్మానించాను. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది.

"ముందు ఒక వారం ఉండి చూడవయ్యా. ఉండగలిగితే ఈ ఇల్లు అద్దెకిచ్చి నేనూ వస్తా. మధ్యలో వచ్చావా, మళ్ళీ కొండ మాట ఎత్తమాక."

పొద్దున్నే చిలకలూరిపేట బస్సెక్కి, అక్కడ గుంటూరు బస్సు పట్టుకుని ఎడ్లపాడులో దిగాను. ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. దారి పొడవునా లోయలు, చిరుతపులి అడుగులు! నిజం చెప్పాలంటే, లోయలు రోడ్డు పక్క గుంటలు. అడుగులు మేకలవి.

ఆటోలో గడ్డిమోపుతో కూర్చున్న ఒకామె అడిగింది. "ఎవురింటికి అన్నాయ్?"

"మా స్నేహితుడు కోటయ్య ఇంటికమ్మా."

"అయితే ముందు ఆడే టీ తాగు. ఇంకో గడపలో తాగమాక."

కోటయ్య ఇంట్లో టీ బాగుంటుంది కాబోలు అనుకున్నాను.

కొండ వాలులో పది పన్నెండు ఇళ్ళు. అన్నీ ప్రశాంతత కోసం గుంటూరు వదిలి వచ్చినవాళ్ళవే. కోటయ్య ఇంటికి తాళం ఉంది. ఎదురింటి సుబ్బారావు "ఎండలో ఏంది బాబాయ్, రా" అని వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. సగం తాగేసరికి కోటయ్య బండి దిగాడు.

"ఒరేయ్, ఎంత పని చేశావురా!"

అప్పుడు తెలిసింది. అక్కడ రెండు పార్టీలు, చెరి సగం ఇళ్ళు. కొత్తగా వచ్చినవాడు మొదటి టీ ఎవరి వరండాలో తాగితే ఆ పార్టీ మనిషి.

"నిన్ను పిలిచింది కొండగాలికనుకున్నావా? ఈ ఇళ్ళ సంఘం ఎన్నికల్లో మాకు ఒక ఓటు తక్కువైంది!" అన్నాడు కోటయ్య.

సర్దుబాటు చేద్దామని అతని వరండాలోనూ ఒక టీ తాగాను. దాంతో రెండు పార్టీలకూ కానివాడినయ్యాను. నీళ్ళ మోటారు ఒక పార్టీది, పాలబ్బాయి ఇంకో పార్టీవాడు. కోటయ్య నాకోసం ముందే మాట్లాడిపెట్టిన ఖాళీ ఇంట్లో పంపు పలకలేదు, గుమ్మంలో పాలు పడలేదు. దారిలో ఎదురైతే రెండు పార్టీలవాళ్ళూ కొండను చూస్తూ పోయేవారు.

వారమంతా తపస్సు చేశానని రాద్దామనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నమే ఆటో ఎక్కాను. మళ్ళీ ఆ గడ్డిమోపు ఆమే.

"చెప్పలా అన్నాయ్?"

కొండగాలి చానా మంచిది. వెళ్ళదలచినవారు ఫ్లాస్కులో టీ తీసుకుని వెళ్ళగలరు.

చీకటిపడేవేళకు మా వీధి చేరాను. మస్తాన్ సుత్తి పక్కనపెట్టి "అప్పుడే వచ్చావేంది పెద్దాయనా? టీ తాగు" అని గ్లాసు చేతికిచ్చాడు. తాగబోతూ అటూ ఇటూ చూశాను. గుమ్మంలో మా ఆవిడ.

"దేనికి ఆ చూపులు? తాగు. ఇక కొండ మాట ఎత్తవుగా!"

మస్తాన్ మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఆ మోతలో జోలపాట విన్నట్టు నిద్రపోయాను. జోలపాట అన్నది కొంచెం ఎక్కువే. నిద్ర మాత్రం పట్టింది.