ఖాళీ రోడ్డు మీద నేర్చిన డ్రైవింగు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా జగిత్యాల రోడ్లు నిద్రపోతున్నట్టే ఉండేవి. తెలంగాణ కావాలని జనం బందులు చేస్తున్న రోజులవి. బడి లేదు, బస్సులు లేవు, వారం వారం జరిగే అంగడి కూడా సాగేది కాదు. మా తాత ఎకరం పొలం అమ్మి ఇస్తే, మా చిన్నాయన ఆ రోజుల్లోనే పాత అంబాసిడర్ కారొకటి కొని డ్రైవింగు నేర్చుకున్నాడు. అద్దం మీద సున్నంతో జై తెలంగాణ అని రాసి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, పొద్దున్నే కోరుట్ల దారిన పోయేవాడు. ఎదురుగా ఒక్క బండి వచ్చేది కాదు. పల్చటి మంచులో మక్కజొన్న చేలు మెల్లగా వెనక్కి జారిపోతుంటే, కారు నేల మీద లేదేమో అనిపించేది. అంత హాయి నాకు మళ్లీ ఏ ప్రయాణంలోనూ దొరకలేదు.

లైసెన్సు రాగానే చిన్నాయన హైదరాబాదులో టాక్సీ నడుపుతానన్నాడు. బీమా ఏజెంటును పిలిపించారు. ఆయన చాయ్ తాగుతూ మెత్తగానే చెప్పాడు. చెయ్యి కొత్తది, పట్నంలో రద్దీ ఎక్కువ, రాత్రిళ్లు కారు వీధిలోనే ఉంటుంది, పైగా రాళ్లు పడే రోజులు, కాబట్టి కట్టాల్సింది ఎక్కువేనట. ఏడాదిపాటు ఏ నష్టమూ జరగకపోతే కొంత తగ్గుతుందట. చిన్నాయనకు ఒళ్లు మండింది. కోడిపిల్లకు కూడా తగిలించని తనకు ఈ జరిమానా ఏమిటన్నాడు. ఏజెంటు వెళ్లాక, కారు జగిత్యాలలోనే ఉంటుందనీ, చేయి తిరిగిన డ్రైవరెవరో నడుపుతాడనీ బీమా కాగితంలో రాయిద్దామన్నాడు చిన్నాయన. అలా రాయిస్తే రేపు పట్నంలో ఏదైనా జరిగిన రోజున పైసా రాదని, పొలం అమ్మి కొన్న కారు మట్టిపాలని తాతకు తెలుసు.

బందు ఎత్తేసి అంగడి మళ్లీ సాగిన రోజున, తాత తనను అక్కడిదాకా కారులో తీసుకుపొమ్మని అడిగాడు. నేనూ ఎక్కాను.

అంగడి నిండా పసుపుకొమ్ముల బండ్లు, మేకలు, సైకిళ్లు, నెత్తిన గంపలతో ఆడవాళ్లు. చిన్నాయన హారను కొడుతూనే ఉన్నాడు, ఎవరూ లెక్కచేయలేదు. ఎడ్లబండిని తప్పించబోయి పక్కకు తిప్పితే, గాజులమ్మే ఒకామె కొడుక్కు జానెడు దూరంలో కారు ఆగింది. ఆమె పిల్లాణ్ణి చంకనెత్తుకుని మమ్మల్నే చూస్తూ నిలబడింది. చిన్నాయన ఇంజను ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది.

తాత మెల్లగా అన్నాడు. "గన్ని దినాలు నడ్పింది నువ్వు కాదు కొడుకా. రోడ్డు ఖాళీగుండె, గంతే."

"నాకు అచ్చిందనుకున్న బాపూ," అన్నాడు చిన్నాయన.

"అస్తది. ముందుగాల గీ అంగట్ల నడుపు."

ఏజెంటుకు ఉన్నది ఉన్నట్టే చెప్పారు. చిన్నాయన ఏడాదిపాటు ఆ జనం మధ్యనే కారు నడిపి, ఆ తర్వాతే పట్నం పోయాడు. అప్పటికి బీమా కూడా కొంత తగ్గింది.

పెళ్లయిన కొత్తలో నేను చాలా ఓపికగలదాన్నని నమ్మేదాన్ని. పిల్లలు పుట్టి, అత్తగారు మంచాన పడ్డాక నా ఓపిక ఎంతో తేలిపోయింది. అప్పుడు తాత మాట తలచుకుని, చిన్నబుచ్చుకోకుండా మొదటినుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు అందరూ నా ఓపికను మెచ్చుకుంటారు. సంతోషమే, కానీ పూర్తిగా నమ్మను. ఆనాటి రోడ్డు మీద లాగే ఈ ఇంట్లో ఇప్పుడు నాకు అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు మరి.