గేటు దగ్గర అబద్ధం

మా పక్క ఖోలీ గదిలో ఉండే పెద్దమ్మ అబద్ధమాడేది ఒక్కచోటే, సర్కారు దవాఖానా గేటు దగ్గర.

పాలమూరు నుంచి ఈ మహానగరంలోని కామాఠిపురాకు వలస వచ్చి, నాలుగిళ్లలో వంట చేసి ఒక్కగానొక్క కొడుకును చదివించింది. వరస గదుల మా చాల్‌లో ఏ ఆడమనిషికి జబ్బు చేసినా పని నాగా పెట్టి వెంట వెళ్లేది. సొంతవాళ్లను తప్ప లోపలికి వదలని వాచ్‌మన్‌తో, "మేరీ బేటీ హై", నా బిడ్డే, అనేది. తనకన్నా పెద్దావిడైనా సరే, అదే మాట!

నా కాన్పుకూ అలాగే లోపలికి వచ్చింది. "భయపడకు బిడ్డా, నేనున్న గదా" అంటూ నా చెయ్యి వదల్లేదు.

పోయిన వానాకాలం ఆమెకే గుండెనొప్పి వచ్చింది. కొడుకు పనిమీద ధారావిలో ఉన్నాడు. నేనే టాక్సీలో తీసుకెళ్లాను. స్ట్రెచర్ లోపలికి పోయింది. వాచ్‌మన్ నాకు చెయ్యి అడ్డం పెట్టి, ఆమె నీకేమవుతుందని అడిగాడు.

ఎన్నడూ అబద్ధమాడనిదానిలా, "పక్కింటామె" అన్నాను.

అతను బెంచీ చూపించాడు. వెళ్లి కూర్చున్నాను.

కొడుకు వచ్చేలోపే ప్రాణం పోయింది. నర్సు బయటికి వచ్చి అందరినీ అడిగింది: "'బయట నా బిడ్డ ఉంది, పిలవండి' అని ఒకటే అడిగింది పాపం ఆ పెద్దావిడ. ఎవరు ఆమె కూతురు?"

పెద్దమ్మకు కూతుళ్లు లేరు. నేను బెంచీ మీదే ఉన్నాను.