వాలు మీద నీలం పొగ

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ జెట్‌స్కీ ఎందుకు పొగ కక్కుతోందో నాకు రెండు రోజుల ముందే తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు. మొన్న కాలేజీ బస్సు కోసం నిలబడితే పక్కనే ఒక పాత వ్యాను స్టార్టయి కాలిన ఆయిల్ వాసన కొట్టింది. అందరూ మొహాలు తిప్పుకుంటే నేను మాత్రం గుండె నిండా పీల్చుకుని, మనసులోనే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ రేకుల షెడ్డులోకి వెళ్లిపోయాను.

కరోనా వచ్చిన మరుసటి చలికాలం అది. నాకు పదమూడేళ్లు. బడి ఫోన్లోకి వచ్చేసింది, అమ్మ అల్ కుసైస్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్లేది, గదిలో ఒంటరిగా వదల్లేక నాన్న నన్ను తను పనిచేసే బోట్ల రిపేరు వర్క్‌షాపుకి తీసుకెళ్లేవాడు. ఖాళీ ఆయిల్ డబ్బా బోర్లించుకుని మూలన కూర్చుని, ఒక చెవిలో లెక్కల టీచర్నీ రెండో చెవిలో స్పానర్ల చప్పుడునీ వింటూ, వేడి కరక్ చాయ్‌లో పరాఠా ముంచుకు తింటూ, రోడ్డు మీద పొగమంచు విడిపోయి ఎదురు షెడ్డు రేకులు మెరవడం చూసేదాన్ని. ఎవరైనా పలకరిస్తే తల దించుకునేదాన్ని గానీ, కనబడ్డదల్లా డైరీలో రాసేదాన్ని, పొగ రంగులతో సహా. తెల్లగా వస్తే నీళ్లు, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని నాన్నే నేర్పాడు.

నాన్న గోదావరి లాంచీల మీద పని నేర్చుకున్నవాడు. ఆ ముసలి ఇంజన్లు రోజూ ఆయిల్ తాగేవట. పొద్దున్నే ఆయిల్ మట్టం చూపే గేజి పుల్ల తీసి చూసి, తగ్గినంత పోయకుండా స్టార్ట్ చేస్తే లాంచీ నడిపే సరంగు ఊరుకునేవాడు కాదట. సముద్రం దాటి వచ్చినా ఆ అలవాటు పోలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నంత శ్రద్ధగా పుల్ల తీసి, పాత బనీను గుడ్డతో తుడిచి, ముంచి చూసి, ఆయిల్ పోసేవాడు. పెషావర్ నుంచి వచ్చిన పెద్ద మెకానిక్ ఖాన్ ఉస్తాద్ అది చూసి నాన్నని 'గోదావరి కెప్టెన్' అని ఏడిపించేవాడు.

అప్పుడొచ్చింది ఆ జెట్‌స్కీ, నీళ్ల మీద నడిపే స్కూటర్ లాంటి బండి, మామూలు సర్వీసుకని. పొద్దున స్టార్ట్ చేయగానే షెడ్డు ముందంతా నీలం పొగ కమ్మేసేది, కాసేపటికి తేలిపోయేది, మర్నాడు మళ్లీ అంతే. పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజన్ విప్పాల్సిందేనన్నాడు ఉస్తాద్. నాన్న సిలిండర్ల ప్రెషర్ కొలిచి, అన్నీ సమానంగా ఉన్నాయి, రింగుల తప్పు కాదన్నాడు. మేనేజరు, మేమంతా ముదీర్ అనేవాళ్లం, ఇద్దరి మాటా విని గురువారం దాకా గడువిచ్చాడు. అప్పటికీ పొగ ఆగకపోతే ఇంజన్ ఉస్తాద్ విప్పుతాడు, నాన్న ఇక ఇంజన్లు ముట్టుకోకుండా బోట్లు కడుక్కోవాలి.

సోమవారం సాయంత్రం డైరీ తిరగేస్తే, 'నీలం' అని రాసిన ప్రతి రోజూ దాని పై వరుసలోనే 'నాన్న ఆయిల్ పోశాడు' అని ఉంది. షెడ్డులో చోటు లేక ఆ బండి ట్రెయిలర్‌ని ముందున్న సిమెంటు వాలు మీదే పెట్టేవారు. నా నీళ్ల సీసా తెచ్చి వాలు మీద పడుకోబెట్టాను. నీళ్లన్నీ దిగువకు చేరాయి, ఎగువ చివర ఖాళీ. ఇంజన్లో ఆయిలూ అంతేగా. గేజి పుల్ల ఉన్నది ఎగువ వైపు కాబట్టి దానికి తక్కువ కనబడుతుంది, తగ్గిందనుకుని నాన్న రోజూ ఇంకాస్త పోస్తున్నాడు, ఆ ఎక్కువైందే కాలి నీలం పొగవుతోంది. తప్పు నాన్నదే. ఆ మాట ఆయనతో ఎలా అనాలో తెలియక మంగళవారం పోయింది, బుధవారమూ పోయింది.

గురువారం పొద్దున నాన్న ఆయిల్ డబ్బా అందుకుంటుంటే వెళ్లి డైరీ తెరిచి ముందుపెట్టాను.

"ఏంటమ్మా, ఏం రాశావు?"

వేలు పెట్టి చూపించాను. చదివాడు. వాలు కేసి చూశాడు. గుట్టుగా ఆయిల్ తీసేసి తనే కనిపెట్టానని చెప్పుకుంటే బాగుండునని నా ఆశ. నాన్న మాత్రం ముదీర్‌నీ ఉస్తాద్‌నీ కేకేసి పిలిచి, హిందీలో చెప్పాడు.

"తప్పు నాదే. వాలు మీద చూసి ఎక్కువ పోశాను. పట్టుకున్నది మా అమ్మాయి."

ట్రెయిలర్‌ని లోపల చదును నేల మీదికి తోసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఎంతో ఎత్తున ఉంది. ఎక్కువైనదంతా పంపుతో లాగి, గాలి వెళ్లే దారిలో చేరిన ఆయిల్ తుడిచి, ప్లగ్గులు మార్చి, నాన్న బటన్ నొక్కాడు. గుప్పున మళ్లీ నీలం పొగ. నా ప్రాణం పోయింది. లోపల మిగిలిన తడి కాలుతోందిలే అని నాన్న సాయంత్రం దాకా చల్లారనిచ్చి, మళ్లీ నొక్కాడు. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఖలాస్, ఇక అయిపోయింది అని ముదీర్ లోపలికి వెళ్లిపోయాడు. కెప్టెన్ కన్నా కెప్టెన్ కూతురు నయమన్నాడు ఉస్తాద్. తలెత్తి నవ్వానని ఆ రోజు పేజీలో ఉంది.

ఇప్పుడా షెడ్డు లేదు. వాలు పగలగొట్టి చదును చేసి టైర్ల గోదాము కట్టారు. నాన్న ఇంకో యార్డులో, ఇంజన్ల దగ్గరే ఉన్నాడు. ఉస్తాద్ పోయినేడు ఊరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు చివరిసారి మా గదికొచ్చి, చాయ్ తాగి, చెప్పులు తొడుక్కుంటూ ఉర్దూలో నాతో అన్నాడు:

"బేటీ, మీ నాన్న తప్పు ఒప్పుకున్న రోజు సాయంత్రం పెషావర్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. ఆయన గురించే చెప్పాను, మగాడంటే అలా తప్పు ఒప్పుకోవాలని."