ఉడుకు తవుట్ల వేసిన పొడి

కిషన్‌బాగ్‌ల మా డాబా మీద మా ఇంటామె పెంచే కోళ్లు గుడ్లు పెట్టుడు తగ్గించినయి. తప్పు నాదే. దాణా పిరమైందని నేనే తవుడు, గానుగ చెక్క ఎక్కువ కలిపిన. అవి కోళ్లకు సరిగ్గ అరగలేదు. "నెలాఖరుదాక చూస్త, తర్వాత కోసుడే," అన్నది ఆమె కండ్ల నీళ్లు పెట్టుకొని.

అఫ్జల్‌గంజ్‌ల దాణా అమ్మే సేటు ఎంజైమ్ పొడి ఇచ్చిండు. తవుట్ల పీచును అది విడగొడుతుందని, అప్పుడు కోడికి అరుగుతుందని చెప్పిండు. వారం వాడినా ఫాయిదా లేదు. నేను దుకాణానికి పోయి, గిరాకీలందరి ముందు ఆయన్ను దొంగ అని ఒర్రిన.

సేటు కోపం చెయ్యలేదు. "ఎట్ల కలిపినవ్ భాయ్?" అని అడిగిండు.

"ఇంకా మంచిగ అరగాలని తవుడు ఉడకబెట్టి, మరుగుతుండంగనే వేసిన," అని గొప్పగా చెప్పిన.

"మరిగే పాలల్ల తోడేస్తవా? గంత వేడికి పొడి పాడైతది. చల్లారినంక కలుపు."

నమ్మకం లేకున్నా అట్లనే చేసిన. నెల ఇంకా మిగిలి ఉండంగనే, ఒక పొద్దున ఆమె కొంగు నిండ గుడ్లతో డాబా దిగొచ్చింది. ఇద్దరం పిల్లల్లెక్క నవ్వినం.

కొన్ని గుడ్లు పట్టుకొని సేటు దగ్గరికి ఉరికిన.

"మేం గుడ్లు ముట్టం భాయ్. ఆనాడు దొంగ అని ఒర్రినవ్ గదా, గదే గొంతుతోని ఇప్పుడు సుత ఒర్రు," అన్నడు.

"పొడి మంచిదే! తప్పు నాదే!" అని గిరాకీల ముందు అరిచిన.

సేటు చెవి దగ్గర చెయ్యి పెట్టిండు. "ఆనాడు ఇంకా జోరుగ ఒర్రినవ్."

అందరూ నవ్వుతుంటే, మస్తు ఖుషీగ మళ్లీ ఒర్రిన.