ఒకే తాను బట్టలు

మా చిన్నప్పుడు... పండుగ దగ్గర పడిందంటే నాన్న నల్లకుంట బజారుకు పోయి ఒకే తాను గుడ్డ తెచ్చేవాడు. నాకు గౌను, తమ్ముడు చంటికి అంగీ, మిగిలిన ముక్కతో అమ్మకు జాకెట్టు. ముగ్గురం కలిసి వీధిలోకి వస్తే బ్యాండుమేళం బయల్దేరినట్టే ఉండేది.

తార్నాకలో ఒక్క గది ఇల్లు మాది. నాన్న యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేవాడు. బడి లేని రోజు నేనూ ఆయన వెంట పోయేదాన్ని... వంటకు కాదు, ఆ అక్కలను చూడటానికి. పరీక్షకు ఒక తీరు, ఇంటర్వ్యూకు ఒక తీరు, ఊరికి పోయేటప్పుడు ఒక తీరు. ఉన్నవి రెండు జతలే అయినా, చున్నీలు మార్చి నాలుగు జతలు చేసేవారు.

వాళ్లలో సునంద అక్క అంటే నాకు పిచ్చి. నా గౌను చూసి నవ్వేది. "మనిషిని బట్టి బట్ట ఉండాలె గానీ, ఇంటిల్లిపాదికి ఒక్కటే బట్ట ఏందే?" అనేది.

ఆ యేడు ఊరి నుంచి వస్తూ, వాళ్ల తమ్ముడికి పొట్టిదైన అంగీ ఒకటి తెచ్చిచ్చింది. బూడిద రంగు, నిలబడే కాలరు. "మీ చంటి ఎర్రగుంటడు. గిది మస్తు సూటైతది," అంది.

అమ్మకు నచ్చలేదు. "పండుగ పూట ఒకరిడిసిన బట్ట పిల్లగాని ఒంటి మీద పడద్దు. ఏసినవో, కాళ్లిరగ్గొడ్త," అని దాన్ని ట్రంకు పెట్టె అడుగున పడేసింది.

సద్దుల బతుకమ్మ రోజు... అమ్మ బతుకమ్మనెత్తుకుని, పక్కింటి ఆడవాళ్లతో ముందే క్యాంపస్‌ గ్రౌండుకు పోయింది. మా ఇద్దరి బట్టలు మంచం మీద మడిచి పెట్టి పోయింది. పసుపు గుడ్డ మీద పచ్చ చుక్కలు.

నాకు పన్నెండేళ్లు, చంటికి ఐదు. ఆ వయసుకే నాకు తెలివి ఎక్కువైంది. నేనొక్కదాన్నే వేసుకుంటే అది గౌను, వాడు కూడా వేసుకుంటే బ్యాండుమేళం... సునంద అక్క ముందు మళ్లీ నవ్వులపాలు కావడం నావల్ల కాదు. పెట్టె తీసి వాడికి బూడిద రంగు అంగీ తొడిగాను. పక్కపాపిట తీశాను.

"హీరో లెక్క ఉన్ననా అక్కా?" అన్నాడు.

ఉన్నాడు. నిజంగానే ఉన్నాడు.

గ్రౌండులో ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మ ఆటలో ఉంది. దూరం నుంచే చెయ్యి ఊపాను. చంటి నా వెనక ఉన్నాడు, అమ్మకు కనిపించలేదు. అంతలో సునంద అక్క వాళ్లు లంగాఓణీల్లో వచ్చారు... జుంకాల నుంచి చెప్పుల దాకా చూస్తూ నిలబడిపోయాను. తిరిగి చూసేసరికి చంటి లేడు.

నేను పోయి చెప్పగానే అమ్మ పరుగున మైకు దగ్గరికి పోయింది. స్టేజీ మీదున్న అన్న, "ఏం బట్టలమ్మా?" అనడిగాడు.

"గీ పిల్ల గౌను బట్టనే సారూ," అని అమ్మ నన్ను ముందుకు తోసింది.

ఆయన నన్ను కుర్చీ మీద నిలబెట్టాడు. "అందరు ఇటు చూడుండ్రి. గిదే బట్ట అంగీ, ఐదేండ్ల పిలగాడు. కనవడితే తోల్కరాండ్రి."

అంతమంది నా బట్టల వైపు చూడటం అదే మొదటిసారి.

ఒక్క మాట అనాలి... 'ఇది కాదు, బూడిద రంగు'. అనలేదు. ఎట్లాగూ దొరుకుతాడు, దొరకకముందే దెబ్బలెందుకు తినాలి అనుకున్నాను. ఒకసారి నోరు తెరిచాను కూడా. అమ్మ మొహం చూసి మూసుకున్నాను. ఆయన మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను ఆ కుర్చీ మీదే ఉన్నాను.

చంటి ఇంటికి పోదామని నడిచాడు. తార్నాక చౌరస్తా దాకా సరిగ్గానే పోయాడు. రోడ్డు దాటరాక ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఏడ్చాడట. చివరికి తనంతట తనే దాటబోయాడు... లారీ.

టీ కొట్టాయన నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "స్కూటర్ మీద ఇద్దరొచ్చి అడిగిండ్రన్నా. పసుపంగీ అన్నరు. గీ పిలగాడు బూడిదంగీ మీదుండె. గీడు కాదనుకున్న," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ అంగీ ఎట్లా వచ్చింది వాడి ఒంటి మీదికి అని నాన్న అడిగాడు. "వాడే మార్చుకున్నట్టున్నడు నాన్నా. నేను చూడలే," అన్నాను.

ఐదేళ్ల పిల్లాడి మీదికి నెట్టేశాను. మాట తిరిగి చెప్పడానికి వాడు లేడు కదా.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, తార్నాకలోనే. నిన్న పొద్దున క్యాంపస్‌లో నడకకు పోయాం. ఒక కుటుంబం ఫోటోలు దిగుతోంది... తల్లీ తండ్రీ పిల్లలూ, అందరికీ ఒకే రంగు. ఇప్పుడు దీన్ని ట్విన్నింగ్ అంటున్నారు, కావాలని డబ్బులు పోసి కుట్టించుకుంటున్నారు.

అమ్మ ఆగి చాలాసేపు చూసింది. "ఎంత మంచిగున్నరే... గిట్లుంటే గుంపుల పిల్లలు తప్పిపోరు. అందుకేగా నేను గట్ల కుట్టించింది."

కాస్త నడిచాక తనే మళ్లీ అంది. "నాకొక్కటే సమజ్ కాదు బిడ్డా. చంటికి గుండీలు పెట్టుకోరాకపోయె. గా అంగీకి గుండీలన్ని సక్కగ పెట్టి ఉండె... ఎట్ల పెట్టుకున్నడో."

ఎండెక్కుతోంది, ఇంటికి పోదాం పద అన్నాను.

ఈ కాలం తల్లులు గడప దాటే ముందే పిల్లలను ఫోన్లో ఫోటో తీసుకుంటున్నారు... తప్పిపోతే చూపించడానికి ఏం వేసుకున్నారో అందులో ఉంటుంది. ఆ రోజు మాకు అట్లాంటిది ఒక్కటి ఉండుంటే అనుకుంటాను. కానీ ఫోటో ఎందుకు... నేను ఉన్నాను కదా.

మీ ఇంట్లోనూ అందరికీ ఒకే తాను బట్టలు కుట్టించేవారా? ఆ ఫోటోలుంటే కింద పెట్టండి, చూస్తాను. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా దాచుకున్న మాటేదైనా ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి, పోయి వాళ్లకే చెప్పండి. నేను మీకందరికీ చెప్పేశాను... పక్క గదిలో ఉన్న అమ్మకు చెప్పలేకపోతున్నాను.