విబ్రాటో బిగించబోతే అమ్మ పెట్టిన బొట్టు

మా ఇంట్లో నా భయాన్ని బద్ధకం అంటారు. కిట్ తెప్పించుకుని ఎలక్ట్రిక్ గిటార్ తయారు చేసుకుంటున్నా కదా, విబ్రాటో టెయిల్‌పీస్ దగ్గర ఆగిపోయాను. తీగల చివరలు పట్టుకుని, కడ్డీ నొక్కితే స్వరాన్ని ఊపే ఇనుప ముక్క అది. దాని స్క్రూ రంధ్రాలు వెంట్రుకంత జరిగినా తీగలన్నీ వంకరపోతాయి. చెక్కకు ఒకసారి పడ్డ రంధ్రం మళ్లీ పూడదు.

ఇవాళ ధైర్యం చేసి, మా సీతాఫల్‌మండి ఇంటి వరండాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, డ్రిల్ తేవడానికి లోపలికెళ్లాను. వచ్చేసరికి అమ్మ చెక్కను తడిగుడ్డతో తుడిచి కుంకుమ బొట్టు పెట్టేసింది.

"అమ్మా, గీతలేవే?"

"గలీజుగుంటే తుడిచిన. బొట్టు నడిమిట్లనే పెట్టిన, ఆడ్నే కొట్టు. గింత పరేషాన్ ఎందుకే?"

హాల్లోంచి నాన్న, "గిది సుత సగంలనే!" ఇది కూడా సగంలోనే వదిలేశానని ఆయన లెక్క.

డ్రిల్ పట్టుకుని వంగి చూశాను. ఆ బొట్టు నాకూ సరిగ్గా మధ్యలోనే ఉన్నట్టు కనిపించింది. ఇంకొక్క మాట అని ఉంటే అక్కడే కొట్టేసేదాన్ని. మీ ఇళ్లలోనూ ఇలాగే దీవిస్తారా, చెప్పండి.

బొట్టు తుడవను, ఎలాగూ టెయిల్‌పీస్ కిందికి పోతుంది. రేపు మళ్లీ కొలిచి, గీతలు గీసి, రంధ్రాలు నేనే వేస్తాను. భయపడుతూనే వేస్తాను.