కాపడం పెట్టిన కాలు

మా ప్రొఫెసర్ అంటే నాకు ఒళ్లు మంట. ఆయన పోయి ఎన్నేళ్లయినా మంటే. ఎనభైల నడిమిలో వరంగల్‌లో నేను పాథాలజీ ట్యూటర్‌ని. శవపరీక్షల్లో తీసిన రక్తనాళాలను పలుచగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద చూసేదాన్ని. కొవ్వు పేరుకుని గట్టిపడ్డ నాళాల్లో ఒకటే సంగతి మళ్లీ మళ్లీ కనిపించేది. కొవ్వుగడ్డ మీద మూతలా ఉండే పొరలో కండర కణాలు కొన్ని ముడుచుకుపోయి ముక్కలై ఉండేవి. వాటి చుట్టూ వాపు లేదు, చీము లేదు. ఎవరో చంపినట్టు లేదు, తమంతట తామే చచ్చినట్టుంది.

కణం బతకాలా చావాలా అన్న హుకుం దాని జన్యువుల్లోనే ఉంటుందని, ఏ జన్యువు మేల్కొంటే చావు, ఏది మేల్కొంటే బతుకు అన్న లెక్క ఒకటి ఉందని అప్పుడప్పుడే కొందరు అంటున్నారు. మూతలోని కణాలు చస్తే మూత పలుచబడి చిట్లుతుంది, చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఇదీ నా వాదం. ప్రొఫెసర్ స్లైడు చూడకుండానే పక్కకు నెట్టేవారు. "చచ్చి ఒకరోజు దాటిన శవం. కణాలు ముడుచుకోక నాట్యం చేస్తాయా?" అన్నారొకసారి అందరి ముందూ. "మగ్గం మీద పోగులు చూసినట్టు కాదమ్మా ఇది." మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లని ఆయనకు తెలుసు. బతికున్న మనిషి ఒంట్లోంచి అప్పుడే తీసిన నాళం ఒక్కటి దొరికితే ఆ నోరు మూయించాలని నేను పళ్లు నూరుకుంటూ తిరిగాను.

అదే ఏడాది బాపుకు, అంటే మా నాన్నకు, ఎడమ కాలు పట్టేయడం మొదలైంది. మగ్గం గుంటలో కూర్చుని కాసేపు తొక్కగానే పిక్క గుంజేది. ఆగి ఒక బీడీ తాగితే తగ్గేది. మళ్లీ తొక్కితే మళ్లీ గుంజేది. మా వాడలో దీనికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. గుంటలో తేమ ఉంటుంది, ఆ చలి కాలికెక్కుతుంది, ఇటుక కాచి గుడ్డలో చుట్టి కాపడం పెడితే దిగుతుంది. తాతల నాటి నుంచీ అంతే.

దసరా నాడు జమ్మి ఆకు బాపు చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. నా వేళ్లు సరిగ్గా పాదం మీద నాడి చూసే చోటే ఆనాయి. కుడి పాదం వెచ్చగా ఉంది, ఎడమది చల్లగా ఉంది. నడిస్తే నొప్పి, ఆగితే మాయం, పాదం చల్లన. రక్తం అందని కాలికి ఇవే గుర్తులని మొన్ననే పిల్లలకు పాఠం చెప్పి వచ్చాను. ఇంటి గడప దాటగానే నా చదువు ఏ గంగలో కలిసిందో. "చలి బాగా ఎక్కింది బాపూ" అన్నాను. ఇటుక ఇంకొంచెం వేడిగా కాచమని అమ్మకు చెప్పింది కూడా నేనే. సిగ్గులేనిదాన్ని.

పది రోజులు కాపడం పెట్టింది అమ్మ. "ఏం కాలుతలేదే, ఇంకింత పెట్టు" అనేవాడట బాపు. రక్తం అందని కాలు వేడిని ఓర్చుకోలేదు, కాలిందని చెప్పనూ లేదు. మొదట బొబ్బలొచ్చాయి, తర్వాత వేళ్లు నల్లబడ్డాయి. పెద్ద దవాఖానలో సర్జన్ ఆ పాదం చూసి, "దీనికి ఇటుక పెట్టిందెవరు?" అని గద్దించాడు.

అమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే సారూ. నాకేం ఎరుక, సదువు రానోళ్లం" అంది. నేను స్టెతస్కోపు మెడలో వేసుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

మోకాలి పైదాకా తీసేయాలన్నారు. "ఒంటికాలుతోటి మగ్గం ఎట్ల తొక్కుత బిడ్డా?" అని ఒక్కటే మాట అడిగాడు బాపు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే లేచి తాజా ఫార్మలిన్ కలిపి పెట్టుకున్నాను. అవును, ముందే కలిపి పెట్టుకున్నాను. తీసిన కాలు పరీక్షకు మా డిపార్ట్‌మెంటుకే వస్తుంది. ఇంకెవరికైనా అప్పజెప్పవచ్చు, ఇవ్వలేదు. నేనే కోసి నాళం తీశాను. రెండు రోజులకు స్లైడు తయారైంది. మూతలో అవే కణాలు, అలాగే ముడుచుకుని, అలాగే ముక్కలై. ప్రొఫెసర్ చాలాసేపు చూసి, "నిజమేనమ్మా" అన్నారు. నాకు సంతోషం వేసింది. దాచి ఏం లాభం, పండగలా ఉండింది.

మిగిలిన కాలును పిల్లలకు చూపడానికి గాజు జాడీలో పెట్టమన్నారు. పెట్టాను. చీటీ కూడా నేనే రాసి అంటించాను.

ఆ సాయంత్రం వార్డుకు వెళ్తే బాపు మేలుకునే ఉన్నాడు. "నా కాలు మట్టిల వెట్టిన్రా?" అన్నాడు. మనిషి ఒంట్లోది ఏదైనా మట్టికే చేరాలని మావాళ్ల పట్టింపు.

"పెట్టినం బాపూ."

"నువ్వు దగ్గరున్నవా?"

"నేనే ఉన్న."

"అయితే ఫికర్ లేదు" అని కళ్లు మూసుకున్నాడు.

ఇంటికి తీసుకుపోయే రోజు గేటు దగ్గర రిక్షా ఆపించాడు. "ఆ జాగ జర చూపియ్యి బిడ్డా" అన్నాడు. గోడ పక్కన ఖాళీ నేల చూపించాను. బాపు రిక్షాలోంచే రెండు చేతులు జోడించి దానికి దండం పెట్టాడు.

"నలభై ఏండ్లు తొక్కింది, పాపం" అన్నాడు.